బొమ్మ తీసేదెవరు? చదివేదెవరు? – నంద్యాల, ఆళ్లగడ్డ సీమలో ఎక్స్‌రే, స్కానింగుల చరిత్ర



పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచినా, పెద్ద పెద్ద కవర్లు చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మధ్య ఆళ్లగడ్డ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కవరులో మూడు ఎక్స్‌రేలు, వెన్నెముకకు తీసిన ఒక సి.టి. ఫిల్ము, రెండు అల్ట్రాసౌండు కాగితాలు ఉన్నాయి. అన్నీ ఒక్క నడుము నొప్పి కోసం తీయించినవే. "ఇన్ని తీపిచ్చినా సార్, ఏముందో ఒక్కరూ చెప్పలే" అన్నాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇదే సీమ నుంచి వచ్చిన రోగులు వేరే ప్రశ్న వేసేవారు. "ఎక్స్‌రే తీపిచ్చుకోవల్లంటే యాడికి పోవల్ల సార్?" అనేవారు. ఆనాడు యంత్రం దొరకక బాధ. ఈనాడు యంత్రం చూపించినదాన్ని వివరించి చెప్పే మనిషి దొరకక బాధ. ఈ రెండు ప్రశ్నల నడుమ జరిగిన చరిత్రను మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పెద్దాయన కవరులో ఏముందో చివరలో చెబుతాను.

జర్మనీ నుంచి మదరాసు దాకా

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతిక శాస్త్రవేత్త కంటికి కనిపించని ఒక కొత్త కిరణాన్ని గుర్తించాడు. దాని స్వభావం తెలియనందున గణితంలో తెలియని రాశికి వాడే 'ఎక్స్' అన్న అక్షరాన్నే దానికి పేరుగా పెట్టాడు. ఆ ఏడాది డిసెంబరు 22న తన భార్య చేతిని ఆ కిరణాలతో చిత్రించాడు. ఎముకలు, వేలి ఉంగరం స్పష్టంగా కనిపించాయి. 1901లో భౌతిక శాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. ఆయన ఈ ఆవిష్కరణకు పేటెంటు తీసుకోలేదు. అది మానవులందరిదీ అని భావించాడు. అందుకే కొద్ది నెలల్లోనే ఎక్స్‌రే ప్రపంచమంతటా వ్యాపించింది.

ప్రపంచమంతటా అంటే పెద్ద నగరాలు అని అర్థం చేసుకోవాలి. ఆనాడు కర్నూలు జిల్లా మదరాసు రాష్ట్రంలో భాగం. 1934లో మదరాసు జనరల్ ఆసుపత్రికి అనుబంధంగా బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ప్రారంభమైంది. దక్షిణ భారతంలో ఈ విద్యకు అదే గురుకులం. అక్కడ ఎక్స్‌రే తీయడమూ, తీసినదాన్ని చదవడమూ రెండూ నేర్పేవారు. నంద్యాలకు గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం ఉండేది గనుక శక్తి గలవారు గుంతకల్లు మీదుగా మదరాసుకో, వేలూరు మిషన్ ఆసుపత్రికో వెళ్లగలిగేవారు. ఆళ్లగడ్డకు ఆనాడూ రైలు లేదు, ఈనాడూ లేదు. అహోబిలం కొండల కింది పల్లెలవారు ముందు నంద్యాల చేరితే గాని రైలు మొహం చూడలేరు. విరిగిన చేతికి కట్టు కట్టే నాటు వైద్యుడే వారికి ఎముకల నిపుణుడు. అతడు చేతితో తడిమి చెప్పిందే ఎక్స్‌రే.

మదనపల్లె నేర్పిన పాఠం

రోగి యంత్రం దగ్గరకు రాలేకపోతే యంత్రమే రోగి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన మన రాయలసీమలోనే చాలా తొందరగా అమలయింది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం ప్రారంభమైంది. అక్కడి వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, ఆయన సహచరులు 1950–55 మధ్య మదనపల్లె పరిసర గ్రామాల ప్రజలందరిలో క్షయ ఎంతగా ఉందో తెలుసుకొనే పెద్ద పరిశోధన చేశారు. చిన్న సైజు ఫిల్ము మీద ఛాతీని చిత్రించే సంచార యంత్రాలతో పల్లె జనాన్ని పరీక్షించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో వెలువడిన ఆ ఫలితాలను క్షయ చరిత్రలో నేటికీ ప్రస్తావిస్తారు.

అదే కాలంలో మరో సత్యం కూడా బయటపడింది. 1947లో అమెరికాలో బిర్కెలో, యెరుషల్మి మొదలైనవారు ఒకే ఛాతీ ఎక్స్‌రేలను పలువురు నిపుణులకు విడివిడిగా చూపించారు. ఒకరు జబ్బు ఉందన్న చోట మరొకరు లేదన్నారు. అంతకన్న ఆశ్చర్యకరంగా, అదే నిపుణుడు కొంతకాలం తరువాత అదే ఫిల్మును మళ్లీ చూసినప్పుడు తన మొదటి తీర్పుతో తానే విభేదించాడు. ఎక్స్‌రే అబద్ధం చెప్పదు. చదివే కన్ను మాత్రం పొరబడవచ్చు. అందుకే ముఖ్యమైన సర్వేలలో ఒక ఫిల్మును ఇద్దరు విడివిడిగా చదివే పద్ధతి వచ్చింది.

ఈ అనుభవం మన దేశపు క్షయ నివారణ విధానాన్నే ప్రభావితం చేసింది. 1959లో బెంగుళూరులో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ రూపొందించగా 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఆరంభమైంది. అందులో కళ్లె పరీక్షకు ప్రథమ స్థానం ఇచ్చారు. మారుమూల ఆసుపత్రిలో సైతం ఒక సూక్ష్మదర్శినితో చేయగలిగిన పరీక్ష అది. క్షయ క్రిమి కళ్లకు కనిపిస్తే సందేహానికి తావు లేదు. ఎక్స్‌రేలో కనిపించే మచ్చ మాత్రం పది జబ్బులలో ఏదైనా కావచ్చు.

ఆరోగ్యవరం పాఠం వైద్యులందరికీ చేరలేదు. నాకూ ఆలస్యంగానే చేరింది. ఆ సంగతి విన్నవిస్తాను.

తడి ఫిల్ముల కాలం

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది గాని, ఆ సంవత్సరమే కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. దానికి అనుబంధమైన పెద్దాసుపత్రే నంద్యాల, ఆళ్లగడ్డ వాసులకు దశాబ్దాల తరబడి పెద్ద దిక్కు. నంద్యాల నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ఆళ్లగడ్డ నుంచి 110 కిలోమీటర్ల పైమాటే. ఆనాటి బస్సుల్లో, ఆనాటి రోడ్ల మీద ఇది ఒక రోజు పని. "కర్నూలుకు పోవల్లంటే రెండు దినాలు కూలి ఇడ్సల్ల సార్" అనేవారు రోగులు. ఆ రెండు దినాల కూలే ఆనాటి ఎక్స్‌రే అసలు ఖరీదు.

నేను తొలినాళ్లలో పనిచేసిన ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో పాత ఎక్స్‌రే యంత్రం ఉండేది. దాని పని తీరు నేటి యువతకు తెలియదు గనుక కాస్త వివరిస్తాను. ఫిల్మును చీకటి గదిలో ఎర్ర దీపం వెలుగున డెవలపర్ ద్రావణంలో ముంచాలి, నీటిలో కడగాలి, ఫిక్సర్‌లో ఉంచాలి, మళ్లీ కడిగి తీగకు ఆరవేయాలి. ఎండాకాలంలో ద్రావణం వేడెక్కితే ఫిల్ము నల్లబడేది. కరెంటు వోల్టేజీ పడిపోతే బొమ్మ తెల్లగా వచ్చేది. ఫిల్ములు అయిపోతే జిల్లా నుంచి వచ్చేదాకా ఎదురు చూడవలసిందే. ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫరు సెలవు పెడితే గది తాళం తెరుచుకొనేది కాదు. ఇక తీసిన ఫిల్మును చదివే రేడియాలజిస్టు జిల్లా కేంద్రంలో తప్ప ఉండడు. మాలాంటి సాధారణ వైద్యులమే కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూసి తీర్పు చెప్పేవాళ్లం.

అలా నేను చెప్పిన ఒక తీర్పు నన్ను నేటికీ వెంటాడుతున్నది. ఆళ్లగడ్డ శిల్పకళకు పేరుపొందిన ఊరని మీకు తెలుసు. అక్కడి ఉలి చప్పుడు దేశంలోని ఎన్నో దేవాలయాలకు చేరింది. రాతి పనితో బతికే ఒక నడివయసు మనిషి దగ్గు, ఆయాసం, బరువు తగ్గడంతో నా దగ్గరకు వచ్చాడు. కళ్లె పరీక్షలో క్రిమి కనిపించలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పై భాగాన మచ్చలున్నాయి. క్షయ అని వ్రాశాను. ఆనాటి పద్ధతి ప్రకారం స్ట్రెప్టోమైసిన్ సూదులు, ఆ తరువాత నెలల తరబడి ఐ.ఎన్.హెచ్., థయాసెటజోన్ మాత్రలు. ఏడాదిన్నర వాడాడు. ఆయాసం తగ్గలేదు. 'మందులు సరిగా మింగలేదు' అని అతడినే మందలించాను. చివరకు అతడు పెద్ద ఊరికి వెళ్లినప్పుడు అక్కడి రేడియాలజిస్టు అదే ఫిల్మును దీపపు పెట్టె మీద పెట్టి చూసి, వెంటనే ఒక ప్రశ్న అడిగాడట: "నువ్వేం పని చేస్తావు?" ఆ ప్రశ్న నేను అడగలేదు. అది రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో పేరుకొనడం వలన కలిగే సిలికోసిస్. దానికి మందు లేదు. ధూళికి దూరం కావడమొక్కటే మార్గం. నేను మాత్రలు వ్రాసిన ఆ ఏడాదిన్నరా అతడు రాయి చెక్కుతూ ఆ ధూళినే పీల్చాడు.

యంత్రం ఉంది, ఫిల్ము ఉంది, మచ్చ కూడా స్పష్టంగానే ఉంది. చదివే విద్య మాత్రం నాకు చాలినంత లేదు. సిలికా పీల్చినవారికి క్షయ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ గనుక ఈ రెండింటినీ వేరు చేయడం నిపుణుడికే కష్టం. అయినా అడగవలసిన ప్రశ్న అడగకపోవడానికి అది సాకు కాదు.

శబ్దంతో చూపు

1958లో గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ బృందం శబ్ద తరంగాలతో కడుపులోని గడ్డలను, గర్భస్థ శిశువును చూడవచ్చునని ప్రకటించింది. మనవైపు చిన్న పట్టణాలకు అల్ట్రాసౌండు 1980, 90 దశకాలలో చేరింది. రేడియేషన్ లేదు, చీకటి గది అక్కరలేదు, ఖర్చు తక్కువ. కడుపులో కవలలున్నారా, మాయ కిందికి ఉందా, గర్భం సంచి బయట నిలిచిందా అన్నది ప్రసవానికి ముందే తెలిసింది. దీని వలన ఎందరు తల్లులు బతికారో లెక్కకట్టలేం.

అదే యంత్రం ఆడపిల్లలకు యముడు కూడా అయింది. 6 ఏళ్ల లోపు పిల్లలలో ప్రతి 1,000 మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద 945 ఉండగా, 2001 నాటికి 927కు పడిపోయింది. 1994లో చేసిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1996 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. యంత్రాన్ని నమోదు చేయకుండా వాడరాదు. శిశువు ఆడో మగో మాటతో గాని, సైగతో గాని చెప్పరాదు. చెప్పినవారికీ, అడిగినవారికీ 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ విషయంలో వైద్యులను మాత్రమే తప్పుపట్టే మిత్రులకు ఒక మనవి. అడిగేవారు లేకపోతే చెప్పేవారు ఉండరు.

తల లోపలి గడియారం

1971 అక్టోబరు 1న లండన్ శివారులోని ఒక ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. యంత్రంతో మొదటిసారి ఒక రోగి మెదడును చిత్రించారు. 1979లో ఆయనకు, అలెన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. అయస్కాంతంతో చిత్రించే ఎం.ఆర్.ఐ.కి దారివేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో ఆ గౌరవం దక్కింది.

మన రాష్ట్రంలో ఈ ఆధునిక విద్య పేరు చెప్పగానే తలచుకోవలసినవారు డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో జన్మించి, అమెరికాలో ఎముకల రేడియాలజీలో పేరు గడించి, 1980ల మధ్యలో స్వదేశానికి వచ్చి హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి తొలి డైరెక్టరుగా రూపం దిద్దారు. 2021లో కన్నుమూశారు. ఒక రేడియాలజిస్టు ఆసుపత్రి అధిపతి కావడం ఆనాడు విశేషం. సాధారణంగా రోగి ఆ శాఖ వైద్యుడి మొహం కూడా చూడడు.

సి.టి. విషయంలో దూరం అంటే కిలోమీటర్లు కావు, గంటలు. పక్షవాతం వచ్చిన మనిషికి మెదడులో రక్తనాళం మూసుకుపోయిందా, పగిలిందా అన్నది బయటి నుంచి చూసి చెప్పలేం. మూసుకుపోతే గడ్డను కరిగించే మందు ఇవ్వాలి. పగిలిన చోట అదే మందు ఇస్తే ప్రాణం తీస్తుంది. సి.టి. తీస్తే గాని తేలదు. ఆ మందు మూడు గంటల లోపు ఇస్తే మేలని 1995లోనూ, నాలుగున్నర గంటల వరకు ఇవ్వవచ్చునని 2008లోనూ పరిశోధనలు తేల్చాయి. ఇప్పుడు లెక్క వేయండి. నల్లమల అంచు పల్లెలో తెల్లవారుజామున మూతి వంకరపోయిన రైతును ఇంట్లోవారు మొదట ఆకు పసరుకు, తరువాత ఊరి ఆర్.ఎం.పి. దగ్గరకు, ఆ తరువాత ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి నంద్యాలకు, చివరకు కర్నూలుకు తీసుకుపోతే నాలుగున్నర గంటలు ఎక్కడ గడిచిపోతాయి? చాలామందికి దారిలోనే గడిచిపోయాయి. 2005లో మొదలైన 108 అంబులెన్సు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఊరట కలిగించిన మాట నిజం. అయితే ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు ఉద్దేశించినది. జబ్బేమిటో తెలియక ముందు బయట చేయించుకొనే స్కానింగుల ఖర్చును చాలామంది చేతి నుంచే, అంటే అప్పు తెచ్చి, భరించారు.

దగ్గరైన యంత్రం

2015లో జాతీయ ఆరోగ్య మిషన్ ఉచిత పరీక్షల పథకానికి మార్గదర్శకాలు ఇచ్చింది. రక్త పరీక్షలతో పాటు జిల్లా ఆసుపత్రులలో సి.టి., చిన్న ఆసుపత్రులలో తీసిన ఎక్స్‌రేలను దూరాన ఉన్న రేడియాలజిస్టు కంప్యూటరులో చదివి పంపే టెలీరేడియాలజీ అందులో భాగాలు. మన రాష్ట్రంలో 2016 నుంచి ఆ సేవలు ఆరంభమయ్యాయి. తడి ఫిల్ము పోయి డిజిటల్ బొమ్మ రావడం వలననే ఇది సాధ్యమైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయింది. 2023 సెప్టెంబరు 15న అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. కళాశాల అంటే రేడియాలజీ శాఖ ఉంటుంది, నేర్పే ఆచార్యులుంటారు. కర్నూలుకు 1956లో దక్కినది నంద్యాలకు 67 ఏళ్ల తరువాత దక్కింది.

2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల క్షయ కార్యక్రమంలో చేత్తో పట్టుకొనే ఎక్స్‌రే యంత్రాలను గ్రామాలకు తీసుకువెళ్లారు. ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటరు చేత చదివించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. మదనపల్లె పల్లెలకు సంచార ఎక్స్‌రే వెళ్లిన ఏడు దశాబ్దాలకు ఆ ఆలోచన మళ్లీ మన గుమ్మం ముందుకు వచ్చింది. సంతోషం. అయితే కంప్యూటరు మచ్చను చూస్తుందే గాని "నువ్వేం పని చేస్తావు?" అని అడగదు. ఆ ప్రశ్న అడిగే బాధ్యత మనిషిదే.

మీరు చేయవలసినవి

మొదటిది, ఫిల్ముతో పాటు రిపోర్టు తప్పక అడిగి తీసుకోండి. అది మీ హక్కు. రిపోర్టు చివరన 'ఇంప్రెషన్' అన్న నాలుగు పంక్తులుంటాయి. అది ఆంగ్లంలో ఉంటుంది. దానిని తెలుగులో చెప్పమని మీ వైద్యుణ్ణి అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

రెండవది, స్కానింగు వ్రాసిన కాగితం మీద మీ బాధ, మీరు చేసే పని, పాత జబ్బులు వ్రాయించండి. రేడియాలజిస్టుకు ఆ రెండు మాటలు పెద్ద దీపం. రాతి పని, నాపరాళ్ల పాలిషింగు, క్వారీ పనులు చేసేవారు ఈ సంగతిని మరవకూడదు.

మూడవది, పాత ఫిల్ములు పారవేయకండి. మచ్చ కొత్తదా, పదేళ్ల నాటిదా అన్నది పాత ఫిల్మే చెబుతుంది.

నాలుగవది, అవసరం లేని స్కానింగు కోరకండి. ప్రకృతి నుంచే మనకు ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ సోకుతుంది. ఛాతీ ఎక్స్‌రేలో 0.1కి మించదు. పొట్ట సి.టి.లో 8 నుంచి 10 వరకు ఉండవచ్చు. భయపడవలసినంత కాదు, వృథా చేయదగినంతా కాదు. గర్భవతులు ఆ విషయం ముందే చెప్పాలి. ఎక్స్‌రే, సి.టి. కేంద్రాలకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలన్నదీ గుర్తుంచుకోండి.

అయిదవది, మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే ఏ పసరూ వద్దు. 108కి ఫోను చేసి, సి.టి. ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకువెళ్లమని అడగండి. లక్షణం మొదలైన సమయాన్ని కాగితం మీద వ్రాసుకోండి.

ఇక ఆ పెద్దాయన కవరు సంగతి. నడుము ఎక్స్‌రేలలో, సి.టి.లో వయసుతో వచ్చే అరుగుదల తప్ప మరేమీ లేదు. అల్ట్రాసౌండు కాగితాలలో ఒకటి ఎనిమిది నెలల నాటిది. దాని అడుగున ఒక వాక్యం ఉంది: ఎడమ మూత్రపిండంలో గడ్డ ఉన్నది, పొట్టకు సి.టి. తీయించవలెను. ఎవరో శ్రద్ధగా చూసి, శ్రద్ధగా వ్రాశారు. తరువాత తీయించినది వెన్నెముక సి.టి. ఆ వాక్యాన్ని వైద్యుడు చదవలేదు, రోగికి చదవడం రాదు. ఎనిమిది నెలలు ఆ కాగితం ఇంట్లో దేవుడి పటాల వెనుక భద్రంగా ఉంది.

ఆయనను ఆ వారమే కర్నూలుకు పంపాను. శస్త్రచికిత్స జరిగింది. గడ్డ మూత్రపిండం దాటలేదని చెప్పారట. ఇప్పుడు కొడుకుతో పాటు పొలానికి వెళుతున్నాడు, ఆరు నెలలకొకసారి పరీక్షకు పోతున్నాడు. వెళ్లిన ప్రతిసారీ రిపోర్టు పట్టుకొని వైద్యుడి ఎదుట కదలకుండా కూర్చుంటున్నాడట, తెలుగులో చెప్పేదాకా.

మీ ఇంట్లోనూ బీరువా పైనో, పటాల వెనుకనో ఇటువంటి కవరు ఒకటి ఉండే ఉంటుంది. నేడే దించి, చదివించుకోండి.